ఒండ్రు కింది అంటు

తోట అనగానే అందరికీ పండ్లు గుర్తొస్తాయి. నాకు బిందెలు గుర్తొస్తాయి. కొంటాలో మా పెరడు ఇంటి గుమ్మం నుంచి శబరి ఏటి గట్టు దాకా ఉండేది. నీళ్ళ బావి ఇంటి దగ్గర, చెట్లేమో గట్టు వైపు. నా కాపురంలో సగం ఆ రెండింటి మధ్య బిందె మోయడంలోనే పోయింది. జామ, నిమ్మ, సీతాఫలం, రెండు పనసలు, ఏడాది పొడుగునా ఏదో ఒక తెగులుతో మూలిగే ఒక బత్తాయి, ఇవీ నా ఆస్తి. వచ్చినవాళ్ళందరూ మీ పెరడు ఎంత చల్లగా ఉందమ్మా అని చెట్టు కింద చతికిలబడేవారు. జామకాయలు కొరికి, పోతూ పోతూ ఒళ్ళో నాలుగు వేసుకుని వెళ్ళేవారు. బిందె వైపు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చీడ పట్టిన కొమ్మ కోయాలన్నా, పాదు చేయాలన్నా, పేడ మోయాలన్నా నేనే. వయసులో ఉన్నప్పుడు కోపం వచ్చేది. తర్వాత కోపానికి కూడా ఓపిక లేకపోయింది.

అప్పటికి మాది ఇంకా బస్తర్ రాజుగారి రాజ్యమే. మా ఆయనది కొట్టు. ఉప్పు, పొగాకు, బట్టలు అమ్మేవాడు, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు కొనేవాడు. తహశీలు బంట్రోతులతో హిందీ, సంతకొచ్చిన వాళ్ళతో దోర్లీ, ఎగువ నుంచి బండ్లు తోలుకొచ్చే వాళ్ళతో హల్బీ మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర తెలుగు మిగిలేది కాదు. నేను గోదావరి దిగువ నుంచి పడవలో వచ్చిన కోడలిని. మా నాన్న మామిడికి అంటు కట్టడంలో చేయి తిరిగినవాడు. ఆయన పక్కన కూర్చుని అరటి నార చీల్చి ఇవ్వడమే నా చిన్నతనపు ఆట. కొంటాకి వచ్చిన మొదటి వేసవిలో నాకు మాట్లాడే మనిషి లేదు, తిన్నది సయించదు, ఎటు చూసినా అడవి. రోజూ మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పడవలు దిగువకు పోవడం చూస్తూ ఏడ్చేదాన్ని.

అలా కూర్చున్న రోజుల్లోనే అవ్వ పరిచయమైంది. మా పెరడు దాటగానే ఒక దిబ్బ, దాని మీద ఆమె గుడిసె, దిబ్బ దిగితే ఏటి అంచున ఆమె మామిడి చెట్టు. అవ్వ దోర్ల తెగ మనిషి. కూతురిని చింతలనార్ వైపు ఇచ్చింది, మొగుడు పోయాడు, ఇంట్లో ఒక్కతే. నేను ఏడుస్తుంటే ఎందుకని అడగలేదు. ఒకరోజు ఒళ్ళో రెండు పండ్లు పడేసి తన దారిన పోయింది. చూడ్డానికి ఏమీ బాగోలేదు. గుప్పిట్లో పట్టేంత కాయ, పండినా తోలు ఆకుపచ్చగానే ఉంటుంది, మీద నల్ల మచ్చలు. కొరికాను. ఆ రుచి ఎలాంటిదో చెప్పమంటే ఇప్పటికీ నాకు చేతకాదు. మా నాన్న కట్టిన అంటు మామిళ్ళన్నీ తిని పెరిగినదాన్ని, అలాంటి పండు మాత్రం తినలేదు. టెంక చప్పరించి చప్పరించి తెల్లగా చేశాను. ఆ ఊళ్ళో ఉండగలనని మొదటిసారి అనిపించింది ఆ పూటే.

ఆ పండు దొరికింది కూడా వాళ్ళ మామిడి పండుగ అయ్యాకే. వాళ్ళలో ఊరి పూజారి కొత్త కాయ దేవుళ్ళకు పెట్టేదాకా ఎవరూ మామిడి నోట పెట్టరు. పిందె రాలినా ముట్టరు, పండు రాలినా ముట్టరు. మేమేమో పిందె గట్టిపడిందో లేదో చూసి ఆవకాయకు కత్తిపీట తీసేవాళ్ళం. రెండో ఏడు నేను ఆమె చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసుకుని ఉప్పుతో తింటుంటే అవ్వ చూసింది. పదిహేను రోజులు మా పెరటి వైపు రాలేదు. అంతే, మళ్ళీ ఆ తప్పు చేయలేదు నేను.

నేను వచ్చి తొమ్మిదేళ్ళయ్యేసరికి శబరి ఆ గట్టును కొరుక్కుంటూ చెట్టు మొదటి దాకా వచ్చింది. ఒక వేసవిలో చూస్తే గట్టు మీద చెయ్యి పట్టేంత పగులు, చెట్టు వేళ్ళు ఏటి వైపు గాల్లో వేలాడుతున్నాయి. మహా అయితే రెండు వరదలు. అవ్వ కూడా చూసింది. కూతురు ఏటేటా పిల్లల్ని వేసుకుని చింతలనార్ నుంచి నడిచి వచ్చేది ఈ చెట్టు కోసమేనని, చెట్టు పోతే ఇక ఎందుకొస్తుందని, ఎండుటాకులు ఊడుస్తూ మామూలుగానే అంది. చెట్టు పోయినా దాని పండు పోనివ్వనని మాటిచ్చాను. ఎలాగని అడిగింది. అంటు కడతానన్నాను. ఒక చెట్టు కొమ్మను ఇంకో చెట్టు మొక్కకు అతికిస్తారంటే ఆమె నమ్మలేదు, నా మొహం చూసి నవ్వింది.

ఆ వేసవిలోనే అడవి మామిడి టెంకలు తెప్పించి చిన్న చిన్న కుండల్లో పాతాను. అడవి మామిడి వేరు మొండిది, నేల ఎలాంటిదైనా పట్టుకుంటుంది. పండే తినలేం, పులుపు, నిండా పీచు. కింద అడవి వేరు, పైన అవ్వ కొమ్మ, అదీ లెక్క. మొక్క పెన్సిలంత లావు కావడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది వరద వస్తుంటే నేను చేసినన్ని మొక్కులు నా పెళ్ళి కుదరడానికి కూడా చేయలేదు. మూడు కొమ్మలు విరిగాయి గానీ చెట్టు నిలబడింది.

మరుసటి ఏడు తొలకరి పడగానే చెట్టు చుట్టూ వెదురు మంచె కట్టించి ఎనిమిది కుండలు పైకెక్కించాను. మొక్క కాండం మీద బెత్తెడు, కొమ్మ మీద బెత్తెడు బెరడు చెక్కి, పచ్చి పచ్చి మీద ఒకదానికొకటి అదిమి, అరటి నారతో బిగించి కట్టి, మీద పేడ కలిపిన బంకమట్టి మెత్తాలి. కట్టడం ఒక్క పూట పని. అసలు పని ఆ తర్వాతే. కుండలో మట్టి ఎండకూడదు. వాన పడ్డా ఆకులు కుండల మీద గొడుగు పట్టినట్టుంటాయి, నీళ్ళు లోపలికి దిగవు. రోజుకు రెండుసార్లు చెంబు పట్టుకుని నిచ్చెన ఎక్కాలి, ఎనిమిది కుండలకు ఎనిమిది చెంబులు. ఆ చెట్టు నిండా ఎర్రచీమల గూళ్ళు. కాళ్ళు, మెడ, జాకెట్టు లోపల, ఎక్కడ పడితే అక్కడ కుట్టేవి. అవ్వ ఆ గూళ్ళు దులుపుకుపోయి పచ్చడి నూరుకునేది, నాకు ఆ మేరకు సుఖం. షావుకారు పెళ్ళాం చీర ఎగదోపి చెట్లెక్కుతోందని బజారంతా చెప్పుకున్నారు. మా ఆయన పరువు పోయిందని రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు కాస్త విశ్రాంతి.

రెండు నెలలు దాటాక అతుకు దగ్గర కొంచెం కొంచెంగా గాటు పెట్టి కొమ్మను తల్లి నుంచి వేరు చేయాలి. సగం గాటు పెట్టానో లేదో ఎగువన కుండపోత మొదలైంది. ఏరు ఎర్రగా పొంగి చెట్టు మొదట్లో తిరుగుతోంది. ఇంకో పదిరోజులు ఆగాల్సిన పని ఆ పొద్దున్నే చేసేశాను. నేను మంచె మీద కోస్తుంటే అవ్వ కింద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కో కుండా అందుకుంది. మూడో రోజు చెట్టు పోయింది. మేమిద్దరం దిబ్బ మీద నుంచి చూశాం. పెద్ద చప్పుడేమీ కాలేదు, మెల్లగా ఒరిగి, ఆకులు పైకి తేలి, మలుపు తిరిగిపోయింది. అవ్వ గుడిసెలోకి వెళ్ళి తడిక మూసుకుంది.

ఎనిమిదింటిలో అయిదు బతికాయి. నాలుగు నిటారుగా, ఆకు నిగనిగలాడుతూ ఉన్నాయి. అయిదోదాని అతుకు వంకర పోయి బుడిపె కట్టింది, ఆకులు ముడుచుకుపోయాయి. ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాలి. చెట్టు అవ్వది, కొమ్మలు అవ్వవి. న్యాయంగా అయితే కుండలన్నీ ఆమె ముందు పెట్టి ఏరుకోమనాలి. నేను మాత్రం వంకరది ఒక్కటి తీసుకెళ్ళి, ఇదిగో అవ్వా నీది అని ఇచ్చాను. కష్టం నాది కదా, రెండు నెలలు చీమలతో కుట్టించుకున్నది నేను కదా, ఇచ్చిన మాట ఎలాగూ తీరింది కదా అనుకున్నాను. ఆమె ఆ కుండను అటూ ఇటూ తిప్పి చూసింది. గుడిసె పక్కన దిబ్బ మీద నాటించుకుంది. నేనే నాటాను. నావి నాలుగూ పెరట్లో గట్టు వైపు, నీళ్ళ తడి ఉండే చోట నాటుకున్నాను.

మరుసటి వానాకాలం ఏరు మా పెరట్లోకి వచ్చింది. రెండు రోజులుండి పోయింది. పోతూ పోతూ మూరెడు ఒండ్రు వదిలింది. కొట్లో ఉప్పు బస్తాలు కరిగి నీళ్ళయ్యాయి, బట్టల తానులన్నీ బురద. పదిహేను రోజులు ఇంట్లోంచి బురద ఎత్తి పోశాను. ఎత్తి ఎత్తి చేతులు పైకి లేవని స్థితి. ఆ తర్వాత జ్వరం. లేచి పెరట్లోకి వెళ్ళి చూస్తే నా నాలుగు మొక్కలూ సగం పైగా ఒండ్రులో పూడుకుని ఉన్నాయి. రెండింటి తలలు విరిగాయి, రెండింటి ఆకులు మాడిపోయాయి. ఒండ్రు పైన పుల్లలు తప్ప ఏమీ లేదు.

ఏం చేయాలో నాకు తెలుసు. తెలియక జరిగింది కాదిది. అంటు మొక్క అతుకు ఎప్పుడూ మట్టి పైన ఉండాలి, అతుకు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గిల్లి పారేయాలి, లేకపోతే అడవి వేరే లేచి కూర్చుంటుంది. మా నాన్న అన్నం తినేటప్పుడు కూడా చెప్పిన మాట ఇది. ఆ ఒండ్రు తవ్వి తీయాలి. నాలుగు పాదులు, ఒక్కోటి మూరెడు లోతు. గునపం తీసుకుని వెళ్ళాను, రెండు పోట్లు పొడిచాను, కళ్ళు తిరిగి జామ చెట్టుకు ఆనుకుని కూలబడ్డాను. మా ఆయన అటు వచ్చి, ఒండ్రును మించిన ఎరువు ఏముంటది, ఉండనియ్యరాదే అన్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు గునపం అక్కడే వదిలేసి లోపలికొచ్చి పడుకున్నాను. రేపు తవ్వుదాం అనుకున్నాను. రేపు వేరే పని, ఎల్లుండి ఇంకో పని. నా జీవితంలో బద్ధకం అన్నది ఎరుగను, ఆ ఒక్కసారి మాత్రం చేతకాలేదు.

నెల తిరిగేసరికి ఒండ్రులోంచి ఎర్రటి చిగుళ్ళు తోసుకొచ్చాయి. నాలుగింటికి నాలుగూ. నా ఆనందం చెప్పలేను. అవి పెరిగిన పెరుగుడు చూసి బజారు వాళ్ళు వచ్చి మెచ్చుకున్నారు. అవ్వ దిబ్బ మీది మొక్కేమో రెండేళ్ళయినా మోకాలి ఎత్తే, వంకర వంకరగా, నాలుగు ఆకులతో. పాపం అవ్వ అనుకునేదాన్ని. ఆ పాపం అనడంలో కొంచెం గర్వం కూడా ఉండేది. ఒకసారి నా మొక్క ఆకు ఒకటి నలిపి వాసన చూశాను. మామిడి ఆకు వాసన చెట్టు చెట్టుకీ వేరు, అవ్వ చెట్టు వాసన నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఇది అది కాదు. లేతాకు కదా, ముదిరితే వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని చేయి కొంగుకు తుడుచుకున్నాను.

మూడో ఏడు అవ్వ మొక్క పూత పూసింది. అంటు మొక్క లక్షణం అదే, మూడో ఏటికల్లా పూతకొస్తుంది. నావి పూయలేదు. అప్పుడైనా బుర్ర వెలగాలా? ఏపుగా ఎదిగే చెట్టు ఆలస్యంగా పూస్తుందని సర్ది చెప్పుకున్నాను. పైగా అవ్వ దగ్గరికి వెళ్ళి, బక్క మొక్క కాయలు మోయలేదు, నడుం విరుగుతుందని చెప్పి ఆ పూతంతా నా చేత్తో గిల్లేశాను. నాలుగో ఏడూ అదే పని. అయిదో ఏడూ అంతే. చేసింది మంచి పద్ధతే, మొదటి ఏళ్ళలో పూత తీసేయాలి. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడేళ్ళ పూత నా వేళ్ళకు ఇంకా అంటుకుని ఉన్నట్టే ఉంటుంది.

ఆరో ఏడు వేసవికి నా చెట్లు విరగ కాశాయి. అవ్వ చెట్టుకు ఏడు కాయలు. ఆ ఏడాది మామిడి పండుగ వెనక్కి పోయింది. ఎవరో పెద్ద అధికారి తనిఖీ దౌరా మీద వస్తున్నాడని గీదం వైపు దారి బాగు చేయడానికి చుట్టుపక్కల మగవాళ్ళను బేగారికి, అంటే కూలి లేని వెట్టికి, తోలుకుపోయారు. వాళ్ళలో పూజారి కూడా ఉన్నాడు. ఆయన తిరిగొచ్చేదాకా దేవుడికి పెట్టేదెవరు? ఊరు ఊరంతా కాయల కింద కూర్చుని ఎదురుచూసింది. మాకు ఆ కట్టుబాటు లేదు. మొదటి పండు రంగు తిరగగానే కోశాను. బాగా పసుపుగా పండింది. అప్పుడే అనుమానం రావాలి, అవ్వ పండు పండినా రంగు మారదు కదా. మా ఆయన ఎదురుగా కూర్చుని కోసి ఆయనకో ముక్క ఇచ్చి, నేనో ముక్క నోట్లో పెట్టుకున్నాను.

పులుపు. నోరంతా పీచు. మా ఆయన ముక్క ఉమ్మేసి నా మొహం చూసి నవ్వబోయి ఆగిపోయాడు. రెండో చెట్టుది కోశాను, మూడోది, నాలుగోది. నాలుగూ అడవి కాయలే. నేను లేచి గునపం తీసుకుని మొదటి చెట్టు పాదు దగ్గర తవ్వడం మొదలుపెట్టాను. మూరెడు లోతుకు వెళ్ళాక దొరికింది. అతుకు అక్కడే ఉంది. పైన నేను కట్టిన కొమ్మ మొండెంగా, నల్లగా కుళ్ళి ఎండిపోయి ఉంది. దానికి రెండు వేళ్ళ కిందనుంచి, అడవి కాండంలోంచి, నా చేయంత లావు చెట్టు బయల్దేరి పైకి పోయింది. ఆరేళ్ళు నేను నీళ్ళు పోసింది దానికి. అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. పండు కోసం కాదు, మోసిన బిందెల కోసం ఏడ్చాను. అంత అలసట ఒక్కసారిగా ఒంట్లోకి దిగడం అంతకు ముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

ఇక మిగిలింది అవ్వ చెట్టు ఒక్కటే. అది కూడా అడవిదే అయి ఉంటే ఆ పండు లోకంలోంచి పోయినట్టే. మా ఆయన ఆ సాయంత్రం బీడీ కాల్చుకుంటూ, కొట్లో గోనె బేరం మాట్లాడినంత మామూలుగా ఒక ఉపాయం చెప్పాడు. అవ్వకు మన చెట్లంటే ముచ్చట, ఎప్పుడూ చూసి మెచ్చుకుంటుంది. పండుగ కాలేదు కాబట్టి ఏ చెట్టు పండు ఎలాంటిదో ఆమెకు తెలియదు. మన పెద్ద చెట్లు రెండు ఆమెకిచ్చి ఆ బక్కది మార్చుకో అన్నాడు. ఛీ అన్నాను. అన్నాను గానీ తెల్లారేసరికి ఆ మాట నా మాటే అయిపోయింది. రెండిస్తున్నాం కదా, నష్టమేముంది, ముసలావిడ, ఇంకెన్నాళ్ళు చూసుకుంటుంది, నా దగ్గరైతే బాగుపడుతుంది. మనసు ఇలాంటివి ఎంత తొందరగా పేర్చి పెడుతుందో.

వెళ్ళాను. అవ్వ గుడిసె ముందు కూర్చుని ఇప్పగింజలు కొడుతోంది. ఆమె చెట్టు నా భుజం ఎత్తు కూడా లేదు. నేను చెప్పాల్సింది చెప్పాను, తడబడుతూ, కళ్ళు చెట్టు మీద పెట్టి. ఆమె గింజలు కొట్టడం ఆపలేదు.

"పండుగ కానియ్యి బిడ్డా. గప్పుడు మాట్లాడుదాం" అంది.

పండుగ కావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ ఆ ఏడు కాయలకు నేనే కాపలా. కొండముచ్చులు ఒకటి తెంపుకుపోయాయి, గాలికి ఒకటి రాలింది. రాలినదాన్ని అవ్వ ముట్టలేదు, నన్నూ ముట్టనివ్వలేదు, అది చెట్టు కిందే కుళ్ళి చీమల పాలైంది. దాని వాసన గాలికి వచ్చేది. ఆ వాసన అదో కాదో తేల్చుకోలేక పిచ్చెక్కిపోయేది నాకు. చిలకలు ఇంకో రెండు పొడిచాయి. మిగిలిన మూడింటికి బుట్టలు కట్టాను. ఎండలో ఆ దిబ్బ మీద కూర్చుని కూర్చుని నా నెత్తి మాడిపోయేది. నా పెరట్లో నాలుగు చెట్లూ కాయల బరువుకు వంగి ఉన్నాయి. వాటి వైపు వెళ్ళడమే మానేశాను.

పూజారి వచ్చాడు. ఊరి వాళ్ళందరూ తలా కొన్ని కాయలు తీసుకుని దేవుళ్ళ దగ్గరికి వెళ్ళారు. అవ్వ మూడింట్లో ఒకటి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి చెట్టు కింద చాప వేసింది. కూతురూ పిల్లలూ అంతకు రెండు రోజుల ముందే చింతలనార్ నుంచి వచ్చి ఉన్నారు. నన్నూ పిలిచింది. మిగిలిన రెండు పండ్లు కోసింది. తోలు ఆకుపచ్చగానే ఉంది, మీద నల్ల మచ్చలు ఉన్నాయి. నా చేతిలో ఒక ముక్క పెట్టింది. తను ముందు తినలేదు, నా మొహం చూస్తూ కూర్చుంది.

అదే. ఏ మాత్రం తేడా లేదు. ఏరు మింగేసిన చెట్టు పండే అది. నేను మింగలేకపోయాను. అవ్వ కూతురు కళ్ళు మూసుకుని తింటోంది, పిల్లలు టెంక కోసం పోట్లాడుకుంటున్నారు. నోట్లో ముక్క ఉండగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇక దాచడానికి నాకు శక్తి లేదు. అంతా చెప్పేశాను. అయిదు కుండల్లో చెడ్డదాన్ని ఏరి ఆమెకిచ్చానని, మంచివన్నీ నేను ఉంచుకున్నానని, ఒండ్రు తీయడానికి బద్ధకించి వాటిని చంపుకున్నానని, నా నాలుగు చెట్లూ అడవి చెట్లని, ఆ సంగతి తెలిసే మార్చుకుందామని వచ్చానని.

అవ్వ టెంక చప్పరించడం పూర్తిచేసింది. తొందరపడలేదు.

"నాకెర్కనే బిడ్డా" అంది. "కుండలు నీళ్ళల్ల నిలబడి అందుకున్నది నేనే గద. ఏది మంచిదో ఏది వంకరదో నేను చూడలేదా. నీ చెట్ల సంగతి గూడ ఎర్కే. చిలకలు నా ఏడు కాయల కోసం కొట్టుకుంటయి, నీ పెరట్ల గంపలకొద్ది ఉన్నా ఒక్కటి వాలదు."

మరెందుకు ఊరుకున్నావని అడిగాను. ఆమె లేచి చెట్టు దగ్గరికి వెళ్ళి కొమ్మలు లెక్క చూస్తున్నట్టు చేత్తో తడిమింది. నేను తల ఎత్తలేక చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఆ ముసలి మనిషి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఇంటికెళ్ళి పడుకునేదాన్ని.

"వానలు పడ్డంక కుండలు తీస్కరా" అంది వెనక్కి తిరగకుండానే. "ఎన్ని పడితె అన్ని కట్టు. ఈసారి మాత్రం నేను ఏరుకుంట."

నా వయసు అప్పటికి ముప్పై ఆరు. అడవి టెంకలు మళ్ళీ పాతి, అవి ఏడాది పెరిగేదాకా ఆగి, మళ్ళీ ఎనిమిది కుండలు, మళ్ళీ మంచె, మళ్ళీ చీమలు, రోజుకు రెండుసార్లు నీళ్ళు. ఈసారి ఏడు బతికాయి. ఏడూ దిబ్బ మీద ఆమె ముందు వరుసగా పెట్టాను. అవ్వ ఒక్కోదాని ముందూ గొంతుక్కూర్చుని, ఆకు నలిపి వాసన చూసి, అతుకు మీద గోరు పెట్టి చూసి, పొద్దంతా తీసుకుంది. నా కాళ్ళు లాగుతున్నాయి, ఇంట్లో పొయ్యి మీద ఏదీ లేదు, అయినా కదల్లేదు. చివరికి అన్నిటికంటే మంచివి మూడు ఏరి పక్కన పెట్టుకుంది. మిగిలిన నాలుగు మోసుకుని నేను ఇంటికొచ్చాను.